కంపెనీ వెళ్ళిపోయాక కరెంటు ఎవరిస్తారు?

(2025 డిసెంబరు 6, బాబాసాహెబ్ పరినిర్వాణ దినాన బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో తెలుగువారి సభలో చేసిన ప్రసంగ పాఠం)



పరినిర్వాణ దినం నాడు కరెంటు గురించి మాట్లాడతానంటే నిర్వాహకుల్లో ఒకరిద్దరు ఆశ్చర్యపోయారు. రాజ్యాంగం గురించో రిజర్వేషన్ల గురించో మాట్లాడండి అన్నారు. వాటి గురించే మాట్లాడతాను, కాకపోతే మీటరు దగ్గర మొదలుపెడతాను అన్నాను. బాబాసాహెబ్ 1942 జూలై నుంచి 1946 దాకా వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ సభ్యుడు. విద్యుత్ కూడా ఆ శాఖ కిందే ఉండేది. ఈ దేశంలో కరెంటు ఎవరి చేతిలో ఉండాలన్న ప్రశ్న ఆయన బల్ల మీదికి వచ్చింది. ఇప్పుడు అదే ప్రశ్న మళ్ళీ మన గుమ్మంలోకి వచ్చింది.

2025 అక్టోబరులో కేంద్ర విద్యుత్ శాఖ విద్యుత్ చట్టానికి సవరణల ముసాయిదా ఒకటి బయటపెట్టింది. 2022 ఆగస్టు 8న లోక్‌సభలో ఇలాంటి బిల్లే పెట్టారు, అది ఆ సభతోనే మురిగిపోయింది. ఇప్పటి 2003 చట్టం ప్రకారం కూడా ఒకే ప్రాంతంలో రెండో కంపెనీ కరెంటు అమ్ముకోవచ్చు. అయితే సొంత తీగలు, సొంత స్తంభాలు వేసుకోవాలి. కొత్త ముసాయిదా ఆ షరతు తీసేయాలంటుంది. ఉన్న తీగల మీదే నాలుగైదు కంపెనీలు అమ్ముకోవచ్చు, నచ్చిన కంపెనీని మీరే ఎంచుకోవచ్చు, పోటీ పెరుగుతుంది, ధర తగ్గుతుంది అంటున్నారు.

వినడానికి బాగానే ఉంది. కంపెనీలు వచ్చే రోజు గురించి అందరూ చెబుతున్నారు. వెళ్ళిపోయే రోజు గురించి ఎవరూ చెప్పడం లేదు. నేను దాని గురించే మాట్లాడతాను.

ముందు ఈ వ్యాపారం ఏమిటో చూద్దాం. మన జిల్లాలో సీపత్ ఎన్‌టీపీసీ ఉంది, 2980 మెగావాట్లు. పక్కన కోర్బా ఉంది. అక్కడ కరెంటు తయారవుతుంది. పెద్ద లైన్ల మీద సబ్‌స్టేషన్‌కు వస్తుంది, అక్కడి నుంచి చిన్న తీగల మీద మన వీధికి వస్తుంది. ఈ రెండింటికీ యంత్రాలు కావాలి, స్థలం కావాలి, లైన్‌మన్లు కావాలి. మూడో పని అమ్మకం. అంటే టోకున కొని, చిల్లరగా అమ్మి, బిల్లు వసూలు చేయడం. ఈ మూడో పని ఒక్కటే చేసే కంపెనీకి బాయిలర్ అక్కర్లేదు, ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు. ఒక ఆఫీసు, కొన్ని కంప్యూటర్లు, కొనుగోలు ఒప్పందాలు ఉంటే చాలు. రావడం ఎంత తేలికో, పోవడం కూడా అంతే తేలిక.

పోతే ఏమైంది అంటారేమో. బుధవారీ బజార్‌లో ఒక కిరాణా కొట్టు మూతపడితే పక్క కొట్టుకు వెళ్తాం. మూతపడ్డ కొట్టు యజమాని అప్పు మనం కట్టం. కరెంటులో అలా కుదరదు. కంపెనీ మూతపడ్డా మీ ఇంట్లో ఫ్యాను ఆగకూడదు, ఆసుపత్రిలో యంత్రం ఆగకూడదు. ఎవరో ఒకరు ఆ క్షణం నుంచే కరెంటు ఇవ్వాలి. ఆ ఇచ్చేవాళ్ళను అమెరికాలో ‘ప్రొవైడర్ ఆఫ్ లాస్ట్ రిసార్ట్’ అంటారు. మన మాటలో ఆఖరి దిక్కు. ఆ ఆఖరి దిక్కుకు అయ్యే ఖర్చు తిరిగి తిరిగి జనం బిల్లులోకే వస్తుంది.

ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. 2021లో బ్రిటన్‌లో ఏం జరిగిందో చూడండి. గ్యాస్ ధర ఒక్కసారిగా పెరిగింది. ఇళ్ళకు అమ్మే ధర మీద నియంత్రణ సంస్థ పరిమితి ఉంది. ఎక్కువకు కొని తక్కువకు అమ్మాల్సి వచ్చేసరికి ఏడాది తిరగకుండా 30 దాకా కంపెనీలు మూతపడ్డాయి. వాటి ఖాతాదార్లను నియంత్రణ సంస్థ మిగిలిన కంపెనీలకు అప్పగించింది. అందుకైన ఖర్చు ఒక్కో ఇంటి మీద సుమారు 94 పౌండ్లు పడుతుందని అక్కడి జాతీయ ఆడిట్ కార్యాలయం 2022లో లెక్క తేల్చింది. మూతపడ్డ కంపెనీ గడప ఎన్నడూ తొక్కనివాళ్ళు కూడా కట్టారు. బల్బ్ అనే కంపెనీకి 15 లక్షలకు పైగా ఖాతాదార్లు. అంతమందిని తీసుకునేవాళ్ళు వెంటనే దొరకక ప్రభుత్వమే డబ్బు పెట్టి నడిపింది. 2022 డిసెంబరులో ఆక్టోపస్ అనే కంపెనీ దాన్ని కొనుక్కుంది.

అమెరికాలో టెక్సాస్ కూడా మనవాళ్ళకు తెలిసిన చోటే. డల్లాస్‌లో, హ్యూస్టన్‌లో తెలుగువాళ్ళు ఎంతమంది ఉన్నారో చెప్పక్కర్లేదు. అక్కడ 2002 నుంచి ఎక్కువ ప్రాంతాల్లో ఇంటికి కరెంటు కంపెనీని ఎంచుకోవచ్చు. గ్రిడ్డీ అనే కంపెనీ టోకు ధరకే ఇస్తానంది. వాతావరణం బాగున్నన్నాళ్ళు బిల్లు తక్కువే వచ్చింది. 2021 ఫిబ్రవరిలో మంచు తుఫాను వచ్చింది. టోకు ధర యూనిట్‌కు 9 డాలర్లకు చేరి రోజుల తరబడి అక్కడే నిలిచింది. అప్పటి లెక్కన మన డబ్బులో 650 రూపాయల పైమాటే. కొద్ది రోజుల్లోనే వేల డాలర్ల బిల్లులు వచ్చాయి. గ్రిడ్ నిర్వాహకులు ఆ కంపెనీని మార్కెట్ నుంచి తప్పించి ఖాతాదార్లను వేరే కంపెనీలకు మార్చారు. మార్చిలో అది దివాలా పిటిషన్ వేసింది.

అవి దూరదేశాలు అనుకుంటే మన దారిలోకే వద్దాం. మనం ఊరికి వెళ్ళే కోర్బా–విశాఖ లింక్ ఎక్స్‌ప్రెస్ టిట్లాగఢ్, రాయగడ మీదుగా పార్వతీపురం చేరుతుంది. ఆ మధ్యలో కిటికీలోంచి కనిపించే కరెంటు స్తంభాలకు గత 30 ఏళ్ళలో ఎంతమంది యజమానులు మారారో తెలుసా?

దేశంలో కరెంటు సంస్కరణలు మొదట మొదలైంది ఒడిశాలోనే. అక్కడి చట్టం 1995లో వచ్చింది. 1996లో విద్యుత్ బోర్డును విడగొట్టారు. పంపిణీని నాలుగు కంపెనీలు చేసి 1999లో అమ్మారు. టిట్లాగఢ్, సంబల్‌పూర్, ఝార్సుగుడా వైపు వెస్కో. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం వైపు సౌత్‌కో. మన తెలుగువాళ్ళు దండిగా ఉన్న ప్రాంతం అది. ఈ రెండూ, ఉత్తరాన ఉన్న నెస్కోతో పాటు బీఎస్ఈఎస్‌కు వెళ్ళాయి. కటక్, భువనేశ్వర్, పూరీ వైపున్న సెస్కో అమెరికా కంపెనీ ఏఈఎస్‌కు వెళ్ళింది.

ఏఈఎస్ వచ్చిన రెండు నెలలకే 1999 అక్టోబరు మహా తుఫాను తీరాన్ని ఊడ్చేసింది. స్తంభాలు, తీగలు నేలమట్టమయ్యాయి. నష్టాలు, బకాయిలు, చార్జీల గొడవలు ముదిరాయి. 2001లో ఆ కంపెనీ చేతులెత్తేసి వెళ్ళిపోయింది. నియంత్రణ మండలి ఒక అధికారిని పెట్టి నడిపించాల్సి వచ్చింది. మిగిలిన మూడు బీఎస్ఈఎస్‌తో పాటు రిలయన్స్ చేతికి మారాయి. నష్టాలు తగ్గించలేదని, బకాయిలు కట్టలేదని 2015 మార్చిలో నియంత్రణ మండలి ఆ మూడింటి లైసెన్సులూ రద్దు చేసింది. మళ్ళీ ప్రభుత్వమే మోసింది. 2020 జూన్ నుంచి 2021 ఏప్రిల్ లోపు నాలుగూ టాటా పవర్‌కు వెళ్ళాయి. టాటాకు 51 శాతం, రాష్ట్ర ప్రభుత్వ సంస్థ గ్రిడ్కోకు 49 శాతం.

ఈ కథలో మనం గమనించాల్సింది ఒకటే. ఏఈఎస్ వచ్చింది, పోయింది. రిలయన్స్ వచ్చింది, పోయింది. ప్రతిసారీ మధ్యలో దిక్కుగా నిలబడింది ప్రభుత్వం. కంపెనీకి వెళ్ళే దారి ఉంది. రాయగడ కొండ మీది ఆదివాసీకి, పర్లాకిమిడి దళితవాడకు వెళ్ళే దారి లేదు.

ఈ మాట మీకు కొత్తేమీ కాదు. మన తాతలు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల నుంచి బెంగాల్ నాగపూర్ రైల్వే పట్టాల వెంట గ్యాంగుల్లోకి, పారిశుద్ధ్యంలోకి వచ్చారు. కష్టం ఎంతున్నా అవి రైల్వే ఉద్యోగాలు. ఇప్పుడు స్టేషన్లు, బోగీలు కడిగే పని చాలాచోట్ల టెండర్ల మీద నడుస్తోంది. గడువు అయిపోయి కాంట్రాక్టరు మారాడంటే ఆఖరి నెలల జీతం, పీఎఫ్ ఎవరిని అడగాలో తెలియక తిరిగిన చెల్లెళ్ళు ఈ సభలోనే ఉన్నారు. అసలు యజమానే బాధ్యుడని 1970 కాంట్రాక్టు కార్మికుల చట్టం చెప్పింది. ఆ మాట ఆఫీసులో వినిపించడానికి ఎన్ని చెప్పులు అరగాలో మీకు తెలుసు. కంపెనీ మారడమంటే ఏమిటో అనుభవం మీద తెలిసినవాళ్ళు మనకంటే ఎవరున్నారు?

ఇక ‘నచ్చిన కంపెనీ’ సంగతి. దేశంలో ఇళ్ళకు అలా ఎంచుకునే వీలు ముంబయిలో కొంత వచ్చింది. 2008లో సుప్రీంకోర్టు తీర్పుతో టాటా కూడా రిలయన్స్ ప్రాంతంలో ఇళ్ళకు అమ్మే వీలు దొరికింది. లాభమొచ్చే పెద్ద వాడకందార్లు ముందు మారిపోతున్నారని గొడవ మొదలైంది. 2012లో అక్కడి నియంత్రణ మండలి జోక్యం చేసుకుని, నెలకు 300 యూనిట్ల లోపు వాడే చిన్న ఇళ్ళకు ముందు అవకాశం ఇవ్వమని టాటాను కట్టడి చేయాల్సి వచ్చింది. అంటే ఎంచుకునేది మనం మాత్రమే కాదు. కంపెనీ కూడా మనల్ని ఎంచుకుంటుంది. అపార్ట్‌మెంటు కావాలి, గుడిసె వద్దు. 2018 ఆగస్టులో రిలయన్స్ ఆ వ్యాపారాన్ని, సుమారు 30 లక్షల ఖాతాదార్లతో సహా అదానీకి అమ్మేసింది. ఆ 30 లక్షల మందిలో ఎవరినైనా అడిగారా?

ఢిల్లీలో ప్రైవేటు బాగా నడిచిందని చెబుతారు. 2002 తర్వాత అక్కడ నష్టాలు బాగా తగ్గిన మాట నిజం. ఆ నిజాన్ని దాచక్కర్లేదు. దాని పక్కనే ఇంకో నిజం ఉంది. చార్జీల్లో వసూలు చేయకుండా ఏటా వాయిదా వేసిన మొత్తం మూడు కంపెనీలకూ కలిపి 27 వేల కోట్ల రూపాయలు దాటింది. ఇలాంటి బకాయిలను గడువులోగా తీర్చాలని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ డబ్బు ప్రభుత్వం ఇవ్వకపోతే జనం బిల్లులోంచే రావాలి.

ఇప్పుడు మన రైల్వే ఊరికి వద్దాం. ఇక్కడ రెండు రకాల ఇళ్ళున్నాయి. క్వార్టర్లకు రైల్వేయే కరెంటు తెచ్చి ఇస్తుంది, డబ్బు జీతంలో కోసుకుంటుంది. పక్క బస్తీల్లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వ పంపిణీ కంపెనీ మీటరు ఉంటుంది. కేంద్రం ముసాయిదాలో ఒక మాట ఉంది. పరిశ్రమలు, రైల్వే, మెట్రో కట్టే క్రాస్ సబ్సిడీని ఐదేళ్ళలో పూర్తిగా తీసేయాలని. మనలో కొందరు అడుగుతున్నారు: రైల్వేకి లాభమే కదా, మనకేమిటి నష్టం?

లెక్క చూద్దాం. సులువుగా ఉండడానికి నేను వేసుకున్న అంకెలు ఇవి. ఒక యూనిట్ మన దాకా రావడానికి 7 రూపాయలు అవుతుందనుకోండి. పెద్ద వాడకందారు దగ్గర 9 తీసుకుని, చిన్న ఇంటి దగ్గర 5 తీసుకుంటే సరిపోతుంది. ఆ పైనున్న 2 రూపాయలే క్రాస్ సబ్సిడీ. అది పోయినా, పెద్ద వాడకందారే వేరే కంపెనీకి వెళ్ళిపోయినా, 5 కట్టే ఇల్లు 7 కట్టాలి. లేదా ఆ 2 రూపాయలు రాష్ట్ర ప్రభుత్వం తన ఖజానా నుంచి ఇవ్వాలి. ఇస్తుందిలే అంటారు. ఛత్తీస్‌గఢ్‌లో హాఫ్ బిల్లు పథకం ఏమైందో మీరే చూశారు. 2019లో 400 యూనిట్ల దాకా సగం బిల్లు అన్నారు. ఈ ఆగస్టులో దాన్ని 100 యూనిట్లకు కుదించారు. జనం గోల పెట్టాక ఈ నెల 1 నుంచి 200 చేశారు. బడ్జెట్ దయ మీద బతికే రాయితీ ఇలాగే పెరుగుతుంది, తరుగుతుంది.

ఇంకో సంగతి. క్వార్టరు మనది కాదు. రిటైరైతే ఖాళీ చేయాలి. నేనూ రైల్వే ఎలక్ట్రికల్ విభాగంలో పనిచేసి రిటైరై క్వార్టరు వదిలి బస్తీ ఇంటికి మారినవాణ్ణే. ఈ రోజు రైల్వే లెక్క చూసి సంతోషపడేవాళ్ళు రేపు తోర్వాలోనో సిర్గిట్టీలోనో చిన్న మీటరు పెట్టుకునేవాళ్ళే. ఇంతకుముందు నేను చెప్పిన ఆ 5 రూపాయల ఇల్లు మనదే.

ఇక ఉద్యోగాలు. ఛత్తీస్‌గఢ్ విద్యుత్ బోర్డు రాష్ట్రంతో పాటే 2000లో పుట్టింది. 2009 జనవరి 1న దాన్ని కంపెనీలుగా విడగొట్టారు. అయినా అవి ప్రభుత్వ కంపెనీలే కాబట్టి నియామకాల్లో ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ రిజర్వేషన్ ఉంది. లైన్‌మన్ కొడుకు జూనియర్ ఇంజనీరైన ఇళ్ళు ఆ రిజర్వేషన్ వల్లే ఉన్నాయి. ప్రైవేటు యాజమాన్యానికి ఆ రాజ్యాంగ బాధ్యత లేదు. పాత ఉద్యోగులకు రక్షణ ఇస్తామని కాగితం రాస్తారు. కొత్త పోస్టుల మాట ఆ కాగితంలో ఉండదు. చండీగఢ్‌లో విద్యుత్ శాఖ లాభాల్లోనే ఉండేది. 871 కోట్లకు బిడ్ పాడిన గోయెంకా గ్రూపు కంపెనీకి 2025 ఫిబ్రవరి 1న దాన్ని అప్పగించారు. నష్టాల వల్లే అమ్ముతున్నామన్న మాట అక్కడ చెల్లలేదు.

ప్రభుత్వ కంపెనీ ఉంటే అంతా బాగుందని నేను అనడం లేదు. ఊరి చివరి వాడకు లో వోల్టేజీ, కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ మార్చడానికి వారాలు, స్తంభం ఎక్కి చనిపోయిన కాంట్రాక్టు కార్మికుడి ఇంటికి అరకొర పరిహారం, ఇవన్నీ ప్రభుత్వం చేతిలో ఉన్నప్పుడు కూడా చూశాం. స్తంభం ఏ వీధిలో ఆగాలో కులం తేల్చిన ఊళ్ళు ఉన్నాయి. అయితే అక్కడ నిలదీయడానికి ఒక ఎమ్మెల్యే ఉన్నాడు, ఒక చట్టం ఉంది, ఎస్సీ కమిషన్ ఉంది. మన తెలుగు నేల మీదే చూడండి. 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో కరెంటు చార్జీల పెంపు మీద ఉద్యమించినవాళ్ళ పైన కాల్పులు జరిగి ముగ్గురు చనిపోయారు. ఆంధ్రలో, తెలంగాణలో పంపిణీ సంస్థలు ఈ రోజుకీ ప్రభుత్వానివే. ఓటుకు భయపడే యజమాని మీద పోరాడటం వేరు, వాటా అమ్ముకుని వెళ్ళిపోయే యజమాని మీద పోరాడటం వేరు.

బాబాసాహెబ్ ఈ సంగతి ఎప్పుడో ఆలోచించారు. 1943 అక్టోబరు 25న ప్రజా పనులు, విద్యుత్ మీద వేసిన విధాన సంఘం సమావేశంలో ఆయన అధ్యక్ష ప్రసంగం చేశారు. కరెంటు చౌకగా ఉండాలి, సమృద్ధిగా ఉండాలి అన్నారు. ఆయన లెక్క ఇది: భూమి మీద పడ్డ భారం తగ్గాలంటే పరిశ్రమలు రావాలి, పరిశ్రమలు రావాలంటే చౌక కరెంటు కావాలి. భూమి లేనివాడికి పల్లె నుంచి బయటపడే దారి అది. 1944లో కేంద్ర సాంకేతిక విద్యుత్ మండలి ఆయన శాఖ కిందే ఏర్పడింది. 1947లో రాసిన ‘స్టేట్స్ అండ్ మైనారిటీస్’లో కీలక పరిశ్రమలు ప్రభుత్వ యాజమాన్యంలోనే ఉండాలని, ఆ మాట రాజ్యాంగంలోనే రాయాలని కోరారు. చట్టసభ మారితే మారిపోయే వాగ్దానం ఆయనకు సరిపోలేదు. ఓటు ఒక్కటే చాలదు, బతుకు తెరువు యజమాని దయ మీద ఉన్నవాడికి స్వేచ్ఛ ఉండదన్నది ఆయన వాదం.

ఇప్పుడు మనం చేయాల్సింది చెబుతాను. ఏ కంపెనీ వచ్చినా, ఏ బిల్లు వచ్చినా నాలుగు ప్రశ్నలు అడుగుదాం. కంపెనీ మూతపడితే మర్నాడు కరెంటు ఎవరిస్తారు? దాని బకాయిలు ఎవరు కడతారు? చిన్న మీటరు మీద ఇప్పుడున్న రాయితీ చట్టంలో ఉంటుందా, బడ్జెట్ దయ మీద ఉంటుందా? రిజర్వేషన్ పోస్టులు ఎన్ని మిగులుతాయి?

అడిగే చోటు కూడా ఉంది. చార్జీలు మార్చాలంటే పంపిణీ కంపెనీ ముందుగా ప్రతిపాదన ప్రకటించాలి, రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి జనం అభ్యంతరాలు వినాలి. రాయపూర్‌లో జరిగే ఆ విచారణకు పరిశ్రమల సంఘాలు వకీళ్ళను పంపుతాయి. బస్తీ తరఫున ఎవరు వెళ్తున్నారు? హిందీలో ఒక కాగితం రాయగల పిల్లలు ప్రతి ఇంట్లో ఉన్నారు. ఈసారి ఇద్దరు వెళ్దాం, ఖర్చు సంఘం పెట్టుకుంటుంది.

ఈలోగా ఇప్పుడున్న చట్టం వాడుకుందాం. దరఖాస్తు చేసిన నెలలోపు కనెక్షన్ ఇవ్వాలని 43వ సెక్షన్ చెబుతుంది. బిల్లు కట్టలేదని తీగ పీకాలంటే 15 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలని 56వ సెక్షన్ చెబుతుంది. న్యాయం జరగకపోతే వినియోగదారుల ఫిర్యాదుల ఫోరం ఉంది, దాని పైన అంబుడ్స్‌మన్ ఉన్నారు. నోటీసు లేకుండా ఎవరింట కరెంటు కోసినా ఆ రోజే తారీఖు, టైము రాసిపెట్టండి. కాగితం పట్టుకుని రండి, అర్జీ నేను రాసిపెడతాను.

సీపత్‌కు, కోర్బాకు భూములు ఇచ్చింది ఇక్కడి పల్లెలు. ఆ బొగ్గు మోసే పట్టాలు వేసి కాపాడింది మన తాతలు. ఆ కరెంటు మీద అడిగే హక్కు మనకు ఎవరో ఇవ్వాల్సింది కాదు. రాయపూర్ విచారణకు పేర్లు ఇచ్చేవాళ్ళు సభ అయ్యాక నన్ను కలవండి.

జై భీమ్.